పద్నాలుగు గళ్ల గోప్యత

మా ఊరి పేరు ఇక్కడ రాయను. నా పేరూ రాయను. తెలుసుకు తీరాలనుకునేవాళ్లు మా బస్టాండులో దిగితే చాలు. అక్కణ్ణుంచి మా ఇంటిదాకా నాలుగు మలుపుల్లో బాణం గుర్తులు పెట్టి ఉన్నాయి. నా గోప్యతను కాపాడటానికి ప్రభుత్వం పెట్టించిన బాణాలవి.

ముప్ఫై ఒక్క ఏళ్లు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఒంటరిగా ఉంటాను. ఈ మాట ఫిర్యాదుగా చెప్పడం లేదు, అలా ఏర్పాటు చేసుకున్నాను. మనుషులంటే నాకు ఇష్టమే, వాళ్ల ముఖాలతోనే ఇబ్బంది. ఎదుట ఇంకో ముఖం ఉన్నంతసేపూ మనిషి తన ముఖాన్ని మోసుకుంటూ మాట్లాడతాడు. పనిచేసినన్నాళ్లూ విద్యార్థులు నా గదికి వచ్చి "మా ఫ్రెండుకో సమస్యండి" అని మొదలుపెట్టేవాళ్లు. అన్నేళ్లలో తన సమస్యతో వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఫ్రెండ్స్ తరఫునే వచ్చారు, అందరూ నా కుర్చీ వెనక గోడకేసి చూస్తూ మాట్లాడారు.

రిటైరయ్యాక ఒక పాత కంప్యూటరును ముందుగదిలో పెట్టి ప్రాక్సీ సర్వరుగా మార్చాను. పెద్ద విద్యేమీ కాదు. ఇంటర్నెట్లో ఏదైనా చూడదలచినవాళ్లు తమ ఇంటినుంచి నేరుగా వెళ్లకుండా నా కంప్యూటరు గుండా వెళతారు. వాళ్లింట్లో ఆరా తీసేవాళ్లకి నా సర్వరు పేరొక్కటే కనబడుతుంది. అవతలివాళ్లకి నా ఇల్లొక్కటే కనబడుతుంది. నడిచిందెవరో, చూసిందేమిటో నాకు కూడా తెలియకుండా దాన్ని అమర్చాను. ఇలా ఊరికే నడిపేవాళ్లు లోకమంతా ఉన్నారట. ఒకరికొకరం తెలియదు. నాకు నచ్చిన సంఘం అదొక్కటే.

తెరమీద ఒక గీత ఉంటుంది. ఎవరైనా వస్తే లేస్తుంది, వెళితే పడిపోతుంది. ఏమైనా చెప్పాలనుకునేవాళ్ల కోసం "నిర్వాహకుడికి ఒక మాట" అని చిన్న పెట్టె పెట్టాను. మధ్యాహ్నం పూట మా సర్వరు దాదాపు ఖాళీ. కానీ రోజూ రెండుంబావుకి గీత ఒక్కసారి లేచేది, మూడింటికి పడేది. ఒకరోజు ఆ సమయంలో కరెంటు పోయింది. మర్నాడు పెట్టెలో ఈ ఉత్తరం ఉంది.

"అయ్యా, నిన్న రెండున్నరకి మీ యంత్రం ఆగిపోయింది. నేను వర్గమూలం మధ్యలో ఉన్నాను. నా వయసు యాభై రెండు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి లెక్కలకి కట్టాను. ముప్ఫై నాలుగేళ్ల కిందట పెళ్లప్పుడు మావాళ్లు పిల్ల పది పాసైందని చెప్పారు. నిజానికి లెక్కల్లో తప్పాను. మావారు లెక్కల మాస్టారు. ఊళ్లో సగం మందికి ఆయనే చెప్పారు. ఇంట్లో ఎవరు ఏం చూశారన్నది ఫోనులో రోజూ చూసుకోవడం ఆయనకి అలవాటు. ఆయన కునుకు తీసే ముప్పావు గంటే నా బడి. పరీక్షకి ఇంకా ఏడు వారాలుంది. దయచేసి ఆపకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ఇంత రాయగలిగాను."

నాలుగుసార్లు చదివాను. ముప్ఫై నాలుగేళ్లు ఒక లెక్కల మాస్టారి కంచంలో అన్నం వడ్డిస్తూ, లెక్కలు రావన్న సంగతి ఆయనకి తెలియకుండా కాపురం చెయ్యడానికి ఎంత లెక్క వచ్చి ఉండాలి. ఆవిడకి మనసులో రెండుంబావు గారు అని పేరు పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే బజారుకెళ్లి ఇన్వర్టరు కొన్నాను.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి మామీద దయ కలిగింది.

వేరే జిల్లాలో ఎవరో నాలాంటివాడి సర్వరు గుండా ఒక పెద్దమనిషిమీద తిట్ల పద్యం వెళ్లిందట. పోలీసులు వచ్చి అతని కంప్యూటరు, దాంతోపాటు టీవీ, ముందుజాగ్రత్తగా మిక్సీ కూడా పట్టుకెళ్లారు. పత్రికలు గోల చేశాయి. దాంతో మధ్యవర్తి సర్వర్ల స్వచ్ఛంద నిర్వాహకుల పరిరక్షణ ఉత్తర్వు వచ్చింది. తన సర్వరు గుండా వెళ్లినదానికి నిర్వాహకుడు బాధ్యుడు కాడని అందులో ఒక వాక్యం ఉంది. చాలా మంచి వాక్యం. మిగతా ముప్ఫై ఎనిమిది పేజీల్లో మమ్మల్ని ఎలా కాపాడాలో ఉంది.

ఇంటర్నెట్ కంపెనీ దగ్గర జాబితా తీసుకుని మా ఇంటికి వచ్చిన జిల్లా పరిరక్షణాధికారి పేరు పేరూరి త్రినాథమూర్తి. అంతకుముందు మత్స్యశాఖలో చేశారు. ఆయన వెంట ఒక శాలువా, ఒక ఫోటోగ్రాఫరు, టేపుతో గోడలు కొలిచే మనుషులిద్దరు వచ్చారు.

"మాస్టారూ, తమరు ఇన్నాళ్లూ అరక్షిత స్థితిలో ఉన్నందుకు ప్రభుత్వం చింతిస్తోంది" అన్నారాయన, శాలువా కప్పుతూ.

"నాకేమీ ఇబ్బంది లేదండి. నేనిది నడుపుతున్నట్టు ఎవరికీ తెలియదు."

"ప్రమాద తీవ్రత అక్కడే ఉంది. తమరెవరో ప్రజలకి తెలియకపోతే, రేపు తమరికేదైనా జరిగినప్పుడు, జరిగింది తమరికేనని ఏ ప్రాతిపదికన నిర్ధారిస్తాం?"

ఇందులో తప్పెక్కడుందా అని వెతికాను. వెంటనే దొరకలేదు. దొరికేలోపల గేటుకి బోర్డు బిగించేశారు. "ఈ గృహమందు అజ్ఞాత సర్వరు కలదు. నిర్వాహకుని గోప్యత ప్రభుత్వ రక్షణలో ఉన్నది." కింద నా పేరు, నా ఫోటో, నా ఫోను నంబరు.

"నంబరెందుకండీ?"

"బెదిరించదలచినవారు ఫోనులోనే బెదిరిస్తే ఇంటిమీదికి రావాల్సిన అవసరం ఉత్పన్నం కాదు. శాంతిభద్రతల కోణం."

"బాణాలో?"

"రక్షక బృందాలు దారి తప్పితే ఎవరిది బాధ్యత చెప్పండి."

సర్వరు కట్టేద్దామా అనిపించింది. కానీ రక్షిత సర్వరును ఆపడం దానిమీద దాడి కిందికి వస్తుందని పంతొమ్మిదో పేజీలో ఉంది. అదీగాక కట్టేస్తే రెండుంబావు గారి బడి పోతుంది. పోతే పోనీ, బోర్డు నామీదే కదా, ఆవిడమీద కాదు కదా అనుకున్నాను.

మర్నాడు నాకు కాపలాగా ఒక కానిస్టేబులును వేశారు. పేరు గుబ్బల నూకరాజు. మంచి మనిషి. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాపలా కాసే చోటుకి ఎవరెవరు వచ్చారో రాసే పాయింటు పుస్తకం ఒళ్లో పెట్టుకునేవాడు. మొదటిరోజు సాయంత్రం గుమ్మంలో నిలబడి అడిగాడు.

"మాస్టారూ, ఇయ్యాల ఎవరెవరొచ్చారండీ?"

"పాలవాడు. గ్యాసు అబ్బాయి."

"ఆళ్లని రాశానండి. లోపల ఆ కంప్యూటర్లోకి ఎంతమందొచ్చారండీ?"

"రెండు వందల పన్నెండు."

నూకరాజు గేటుకేసి చూశాడు. మళ్లీ నాకేసి చూశాడు.

"నా ముందు నుంచేనాండీ?"

"నీ ముందు నుంచి కాదు నూకరాజూ, తీగలోంచి."

"తీగైనా గుమ్మం గుమ్మమే కదండీ. రేపు సీఐ గారొచ్చి, రెండొందల మంది దూరిపోతుంటే నిద్దరోతన్నావేంట్రా అంటే నేనేం చెప్పాలండీ? ఆళ్ల పేర్లు చెప్పండి, రాసేసుకుంటాను."

"వాళ్ల పేర్లు నాకు తెలియవు."

"పోనీ తండ్రి పేర్లు?"

"అవీ తెలియవు."

అతను చాలాసేపు పెన్ను నములుతూ కూర్చున్నాడు. అబద్ధం రాసే మనిషి కాడు. చివరికి ఇలా రాశాడు: "రెండు వందల పన్నెండు మంది. పేర్లు లేవు, తండ్రి పేర్లు లేవు. తీగ ద్వారా ప్రవేశం." నూకరాజు ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్లలో ఆ పుస్తకాన్ని పైవాళ్లెవరూ చదవలేదట. ఆ వారం చదివారు.

మూడోరోజు త్రినాథమూర్తిగారు మళ్లీ దిగారు.

"మాస్టారూ, ప్రభుత్వ రక్షణలో ఉన్న ప్రాంగణంలోకి రోజుకి రెండు వందల పైచిలుకు గుర్తుతెలియని వ్యక్తుల చొరబాటు జరుగుతోంది."

"ఇది పెట్టిందే వాళ్లకోసమండి."

"అందుచేత వారినీ రక్షణ పరిధిలోకి తెస్తున్నాం. ఎవరిని రక్షిస్తున్నామో తెలియకుండా చేసే రక్షణకి లెక్కాపత్రం ఏముంటుంది?"

ఆయన తెచ్చిన కాగితం పేరు అజ్ఞాత వినియోగదారుని నమోదు పత్రం. పద్నాలుగు గళ్లు. ఇకమీద ఎవరు వచ్చినా ముందు ఇది నింపాలి, నింపితేనే సర్వరు తెరుచుకుంటుంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, పుట్టుమచ్చలు, విద్యార్హత. ఆరో గడి: ఎవరినుంచి దాగుతున్నారు? ఒకరికన్న ఎక్కువమంది ఉంటే విడికాగితం జతపరచవలెను. ఏడు: ఏ సమయంలో దాగుతారు? ఎనిమిది: ఎవరినుంచి దాగుతున్నారో వారి ఫోను నంబరు. తొమ్మిది: అందుకు వారి అంగీకార సంతకం, తరువాత సమర్పించవచ్చును.

"ఇవి ఎవరు చూస్తారండీ?"

"ఎవరూ చూడరు. పరిపూర్ణ గోప్యత. ఏడు ప్రతులు తీసి, ఏడు కార్యాలయాల్లో వేర్వేరుగా గోప్యంగా ఉంచుతాం."

"నా దగ్గరికి మాత్రం పంపకండి."

"తమరి నిరాడంబరతకి జోహార్లు."

మర్నాడు రెండు వందల పన్నెండు కాస్తా సున్నా అయింది. నూకరాజు పాయింటు పుస్తకంలో మొదటిసారి హాయిగా గీత కొట్టేశాడు. పైఆఫీసులో మాత్రం కంగారు పుట్టింది. రక్షించడానికి మనుషులు లేకపోతే పథకం ఎలా నడుస్తుంది? సిబ్బంది అందరూ రోజూ పదిగంటలకి విధిగా అజ్ఞాతంగా నా సర్వరులోకి వెళ్లాలనీ, వెళ్లినట్టు హాజరు పట్టీలో సంతకం పెట్టాలనీ సర్క్యులరు వచ్చింది. నలభైమంది నమోదు చేసుకున్నారు. పదింటికి గీత గోడలా లేచేది, పది గంటల ఒక నిమిషానికి కూలిపోయేది.

రెండుంబావుకి ఏమీ లేచేది కాదు.

నాలుగు రోజులు ఆ గీతముందు కూర్చున్నాను. పరీక్షకి అయిదు వారాలుంది. ఎవరి ముఖమూ అక్కర్లేదని ఇన్నాళ్లూ అనుకున్న మనిషిని, ఎన్నడూ చూడని ఒక మనిషి రాకపోతే అన్నం సయించని స్థితికి వచ్చాను. దీన్ని ఏమంటారో తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆ పేరు అప్పుడు గుర్తురాలేదు. అయిదో రోజు రెండూ నలభైకి గీత లేచింది. చప్పట్లు కొట్టబోయి, ఎలా వచ్చిందో తట్టి ఆగిపోయాను. పత్రం నింపితే తప్ప రావడానికి దారి లేదు.

ఆ సాయంత్రం త్రినాథమూర్తిగారు ముఖమంతా నవ్వుతో వచ్చారు.

"శుభవార్త మాస్టారూ. నలభై ఒకటో నంబరు. మన శాఖకి చెందని ప్రప్రథమ అజ్ఞాతురాలు. విద్యార్హత గడిలో చూడండి, 'పదో తరగతి, లెక్కలు మినహా' అని రాసుకున్నారు. ఎంతటి పారదర్శకత. పైగా అంచున ఒక వాక్యం: 'ఒకసారి పెద్దవాళ్లు అబద్ధం చెప్పినందుకే ఇంత దూరం వచ్చింది, ఇంక నావల్ల కాదు.' ఆవిడ పేరు..."

"చదవకండి" అని చెవులు మూసుకున్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. పెదవుల్ని బట్టి కూడా తెలిసిపోయేలా ఉంది, కళ్లు కూడా మూసుకున్నాను. నూకరాజు వచ్చి భుజం తట్టాక తెరిచాను.

"గురువారం ఇంటింటి పరామర్శ పెట్టాం" అంటున్నారు త్రినాథమూర్తిగారు. "జీపు, మైకు, బ్యానరు. 'అజ్ఞాత వినియోగదారునికి అభినందన' అని. గృహయజమాని సమక్షంలో శాలువా కప్పి ఫోటో తీయాలి. ఫోటోలో యజమాని లేకపోతే పత్రం చెల్లదు."

"ఎన్నింటికండీ?"

"రెండుంబావుకి. ఆ సమయంలో భర్తగారు ఇంట్లోనే పడుకుని ఉంటారని ఏడో గడిలో ఆవిడే రాశారు."

గేటు దగ్గర్నుంచి నూకరాజు ఉండబట్టలేకపోయాడు. "సార్, అలా మైకు పెట్టుకుని ఎల్లిపోతే ఆవిడకి ఇంట్లో ఇబ్బందండి."

"ఇబ్బంది వస్తే రక్షిస్తామయ్యా. వెళ్తున్నదెందుకు మరి?"

ఆ క్షణంలో నా గదికి వచ్చిన విద్యార్థులందరూ గుర్తొచ్చారు. అందరూ తమ సమస్యను ఫ్రెండుకి తగిలించిపోయినవాళ్లే. ఒక్కసారి దాన్ని తిరగేస్తే ఏం పోతుంది?

"నలభై ఒకటో నంబరు నేనేనండి" అన్నాను.

ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు. "ఈవిడ స్త్రీ మాస్టారూ."

"నేనే."

"వయసు యాభై రెండు."

"నాకూ ఒకప్పుడు ఆ వయసుండేది."

"భర్త ఉన్నట్టు రాశారు. లెక్కల ఉపాధ్యాయుడు."

"ఊహించుకున్నాను. కొంచెం కఠినంగా ఊహించుకున్నాను."

"ఏమైనా చిరునామా ఉంది కనుక వెళ్లి నిర్ధారణ చేసుకుంటాం."

"వెళ్లండి. ఆవిడ అక్కడ లేదని తేలితే మాత్రం ఏడు ప్రతుల్లోనూ దిద్దాల్సి వస్తుంది. ఏడు కార్యాలయాలు."

ఆయన ముఖం పాలిపోయింది. కానీ లొంగలేదు. ఒక్క నంబరు గురించే అబద్ధమాడితే ఆ ఒక్క నంబరుమీదే అనుమానం నిలుస్తుందని నాకు తోచింది.

"ఆ మాటకొస్తే మిగతా నలభై కూడా నేనేనండి."

"అందులో మా హెడ్ క్లర్కున్నాడు."

"నేనే."

"డిస్పాచ్ సెక్షన్లో కవల పిల్లల తల్లి ఉంది."

"నేనే. పిల్లలు బాగున్నారు."

త్రినాథమూర్తిగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. గొంతు తగ్గించారు. "నేను కూడా ఉన్నాను మాస్టారూ. ఏడో నంబరు."

"అదీ నేనేనండి."

ఆయన కాగితం మడిచి నాకేసి చూశారు. ఇంతకాలం ముఖాలు చూడలేక తప్పించుకు తిరిగినవాణ్ణి, ఆ ముఖం మాత్రం తృప్తిగా చూశాను. తను తను కాకుండా పోయే వీలు జీవితంలో మొదటిసారి ఎదురైన మనిషి ముఖమది.

"అంటే ఏడో నంబరు పత్రంలో ఉన్న వివరాలకి నేను బాధ్యుణ్ణి కానన్నమాట."

"ఎలా అవుతారండీ, రాసింది నేనైతే."

"ఎవరూ చూడరు కదా అన్న భావనలో ఆరో గడిలో కొంచెం నిజం రాశాను. ఎవరినుంచి దాగుతున్నారు అన్నచోట కలెక్టరుగారు అని. రాత్రంతా నిద్ర లేదు." రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "ఒక మనిషి నలభై ఒక్కమంది కావడానికి తమరి శాస్త్రంలో అవకాశముందా?"

"ఉందండి. నలభై ఒకటి తక్కువే."

"శాస్త్రం ఒప్పుకున్నాక శాఖ ఎందుకు ఒప్పుకోదు" అని ఆయన లేచారు.

ఏడు కార్యాలయాల్లోనూ ఒకే వాక్యం చేరింది. "వినియోగదారు ఒక్కరే, ఆయనే నిర్వాహకుడు. ఇంటింటి పరామర్శ ఒకే ఇంట్లో సంపూర్తి చేయనైనది." వినియోగదారుకి అప్పటికే కానిస్టేబులు ఉన్నాడు కాబట్టి వేరే నమోదు అక్కర్లేదని పద్నాలుగు గళ్ల పత్రం ఎత్తేశారు. గురువారం మా ఇంట్లో సభ జరిగింది. కొన్న శాలువాలు వెనక్కి ఇవ్వడానికి వీల్లేదు కనక నలభై ఒకటీ నాకే కప్పారు. ఇరవయ్యో శాలువా తర్వాత నాకు ఎదుటివాళ్లు కనబడలేదు. తెర మాత్రం సందులోంచి కనబడుతూనే ఉంది. రెండుంబావు అయింది. గీత లేచింది. మైకులో త్రినాథమూర్తిగారు పథకం విజయాన్ని వివరిస్తున్నారు. నాకూ అలాగే అనిపించింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పదిరోజులకి ఆడిట్ వాళ్లు నలభై ఒక్క పత్రాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

"చిన్న చిక్కు" అన్నారు త్రినాథమూర్తిగారు, ఈసారి శాలువా లేకుండా వచ్చి. "తమరు నలభైచోట్ల డిగ్రీలూ డిప్లొమాలూ చూపారు. ఎక్కువ చదివినందుకు అభ్యంతరం లేదు. కానీ నలభై ఒకటో పత్రంలో పదిలో లెక్కలు తప్పినట్టు స్వహస్తాలతో ఒప్పుకున్నారు. పది పాసవ్వనివారు ఎం.ఏ. ఎలా అయ్యారన్నది ఆడిట్ ప్రశ్న."

"నేను పది పాసయ్యానండి. సర్టిఫికెట్టుంది."

"అయితే ఆ పత్రం తమరిది కాదని అర్థం వస్తుంది. ఆ చిరునామాకి జీపు వెళ్లాల్సి వస్తుంది."

సర్టిఫికెట్టు కోసం తెరిచిన బీరువా తలుపు మళ్లీ మూశాను.

"పాసవ్వలేదండి" అన్నాను.

"భయపడకండి. రెగ్యులరైజ్ చేసేద్దాం. ఈ విడతలోనే ఓపెన్ స్కూలు లెక్కల పరీక్షకి కూర్చోవడానికి ప్రత్యేక అనుమతి తెచ్చాను. పది పాసైతే ఎం.ఏ. దానంతటదే సక్రమం అవుతుంది. కనీసం హాజరైతే చాలు, ఫైలు మూసేస్తాం."

అలా అరవై నాలుగో ఏట నేను బాలికల హైస్కూల్లో పదో తరగతి లెక్కల పరీక్ష రాయడానికి వెళ్లాను. కాపలా మనిషి లేకుండా గడప దాటకూడదు కాబట్టి నూకరాజు కూడా వచ్చాడు.

"మాస్టారూ, మీకు లెక్కలొచ్చాండీ?" అన్నాడు దారిలో.

"ఒకప్పుడు వచ్చేవి."

"నాకప్పుడూ రాలేదండి" అన్నాడు.

గుమ్మం దగ్గర నాకు సంగతి తట్టింది. ఈ ఊరికి కేంద్రం ఇదొక్కటే. పరీక్ష ఇదొక్కటే. రెండుంబావు గారు రాసేదీ ఇక్కడే. లోపల ముప్ఫైమంది దాకా ఉన్నారు. తాపీపనివాళ్లు, ఆటోవాళ్లు, అంగన్‌వాడీ ఆయాలు. పెద్ద వయసు ఆడవాళ్లు కూడా ఉన్నారని గొంతుల్ని బట్టి తెలిసింది. ఇంట్లో ఏం చెప్పి వచ్చారో. నేను తల వంచుకుని, బెంచీల కాళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి నా చోట కూర్చున్నాను.

సంతకాల పట్టీ వచ్చింది. నా పేరుకి పైన పద్దెనిమిది పేర్లు, వాటి ఎదురుగా సంతకాలు. ప్రశ్నపత్రం దానిమీద బోర్లించి, నా గడి ఒక్కటే బయట ఉంచి సంతకం చేశాను.

"ఏం దాస్తున్నారు సార్?" అన్నాడు పరీక్ష చూస్తున్న కుర్ర మాస్టారు.

"నాకు అలవాటండి."

గంట గడిచింది. మొదటి రెండు ప్రశ్నలు ఎలాగో లాగాను. గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు నా వెనక రెండు వరసల అవతలినుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"అయ్యా, ఇంకో కాగితం ఇప్పించండి."

"అప్పుడేనా అమ్మా? ఇచ్చినవన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయండి. తొందరగా ఇవ్వండి, మధ్యలో ఉన్నాను."

కిటికీలోంచి నూకరాజు వంగి గుసగుసగా అన్నాడు. "మాస్టారూ, ఎనకాల ఒకావిడ దంచేత్తన్నారండి. చూడండోసారి."

"నువ్వూ చూడకు నూకరాజూ."

నా మెడ దానంతటదే తిరగబోయింది. మనుషుల్ని చదవడమే పనిగా బతికిన మెడ అది. రెండు చేతులతో పట్టుకుని ముందుకి తెచ్చుకున్నాను. వెనక కొత్త కాగితం మీద పెన్ను గబగబా పరుగెత్తుతోంది, ఆగకుండా. నేను మూడో ప్రశ్న చదివాను, రాలేదు. నాలుగోది చదివాను, అదీ రాలేదు. చివరి గంట కొట్టి, అందరూ వెళ్లి, గదిలో ఒక్క చెప్పుల చప్పుడైనా వినబడకుండా పోయేదాకా ఆ రెండు ప్రశ్నల్నే చదువుతూ కూర్చున్నాను.